ఇనుప రజను నుంచి రక్తపరీక్ష దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  "నువ్వు చేసే పనేమిటో మాకర్థమయ్యేలా చెప్పు" అన్నారు నిర్వాహకులు. సమీకరణాలు లేకుండా చెబుతాను.

గుండెపోటు వస్తే దెబ్బతిన్న గుండె కండరం నుంచి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి చేరుతుంది. మొదటి గంటల్లో అది లీటరు రక్తంలో కొన్ని నానోగ్రాములే ఉండొచ్చు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. సెన్సర్ దాన్ని పట్టుకోలేకపోతే "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది, మనిషి ఇంటికెళ్లిపోతాడు. నా పనంతా ఆ "ఏమీ లేదు" చుట్టూనే.

లోపం ఎప్పుడూ సెన్సర్‌దే కాదు. ఆ కొద్ది అణువులు సెన్సర్ దాకా రావడానికే చాలాసేపు పడుతుంది. ఇక్కడ మన ఆరో తరగతి పాఠం పనికొస్తుంది. ఇసుకలో కలిసిన ఇనుప రజనును మనం చేత్తో ఏరలేదు, అయస్కాంతం తిప్పాం. అలాగే ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులకు ట్రోపోనిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు అతికించి రక్తంలో కలుపుతాం. కాసేపయ్యాక పరీక్షనాళిక పక్కన అయస్కాంతం పెడితే, రేణువులు పట్టుకున్నదానితో సహా ఒక పక్కకు చేరతాయి. మిగతాది కడిగేస్తాం. మిల్లీలీటరులో చెదిరి ఉన్నది చిన్న చుక్కలోకి వస్తుంది.

అయస్కాంతం తీసేశాక రేణువులు మళ్లీ విడిపోవాలి. సుమారు 20 నానోమీటర్ల లోపు మాగ్నటైట్ రేణువులో అయస్కాంతత్వం నిలవదు కాబట్టి అవి ఉండ కట్టవు.

ఇంకో లాభముంది. రక్తానికి రంగు ఉంటుంది, కాంతితో కొలిస్తే అది అడ్డొస్తుంది. అయస్కాంతత్వం మాత్రం దాదాపు లేదు. (హిమోగ్లోబిన్‌లో ఇనుముంది కదా అంటారేమో, అది అయస్కాంతానికి అతుక్కునే ఇనుము కాదు.) అందుకే రేణువుల అయస్కాంతత్వాన్నే కొలిచే సెన్సర్లు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఆధారం 1988లో ఫెర్, గ్రూన్‌బర్గ్ వేర్వేరుగా కనుగొన్న ప్రభావం. దానికి 2007లో నోబెల్ వచ్చింది. మన కంప్యూటర్ల హార్డ్ డిస్కులు చదివిందీ దానితోనే.

అయితే మా రంగంలో కనిపించే గొప్ప అంకెలు చాలావరకు శుభ్రమైన ఉప్పు ద్రావణంలో కొలిచినవి. అసలు రక్తంలో వేస్తే అడ్డమైన ప్రొటీన్లన్నీ రేణువుకు అంటుకుంటాయి. అప్పుడు లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అదీ ప్రమాదమే. పాలిఇథిలీన్ గ్లైకాల్ పూత వేస్తే ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. పెద్ద ఆసుపత్రి యంత్రం కడగడం, కలపడం తనే చేసుకుంటుంది. పల్లెలోని ఆరోగ్య కేంద్రానికి కావలసింది చేతిలో ఇమిడే పరికరం. అక్కడికింకా చేరలేదు.

ఈ రేణువులున్న నల్లని ద్రవం ఒక సీసాలో తెచ్చాను. సైన్సు మాస్టార్లు, పిల్లలు భోజనాలయ్యాక రండి. అయస్కాంతం కూడా ఉంది.