మూగజీవాల హక్కు



డాల్ఫిన్ ప్రదర్శనశాలలను అనుమతించరాదని 2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలను ఆదేశించింది. అవి ఎంతో తెలివైనవనీ, మానవేతర వ్యక్తులుగా భావించి వాటికి హక్కులివ్వాలనీ శాస్త్రజ్ఞులు సూచించినట్లు ఆ ఉత్తర్వులో ఉంది. నిర్ణయం మంచిదే, ఆ కారణం మాత్రం మనకు చాలదు.

స్కాట్లాండ్ తీరంలో డాల్ఫిన్లు పోర్పస్ అనే చిన్న జలచరాలను, ఆహారం కోసం కాకుండానే, చావగొట్టడం పరిశోధకులు గమనించారు. అంతమాత్రాన వాటి హక్కు పోదు. లెక్క చెప్పవలసింది అవి కాదు, మనం.

తెలివే కొలబద్ద అయితే మేకకేం మిగులుతుంది? దివ్య ఖుర్ఆన్ (అన్ఆమ్: 38) జంతువులన్నింటినీ మనవంటి సముదాయాలుగా పేర్కొంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీ నరకం పాలైందని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ పిల్లికి ఎంత తెలివుందని ఎవరూ అడగలేదు. మనమేమో బక్రీద్ మేకలను ఆటోలో కుక్కి, నీళ్లయినా తాపకుండా తెస్తున్నాము.