గడప అవతల నిలబడి సంగీతం నేర్వం

(వికారాబాదు, తాండూరు ప్రాంత వాడల తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడేటందుకు మనం ఎన్నోసార్లు కలిసినం. ఇయ్యాల సంగీతం మాస్టరు గురించి కలిసినం. కొందరు నవ్వుతున్నరు. "తిండికే తిప్పలైతుంటే పియానో కావాల్నా?" అంటున్నరు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పే ముందుకు పోతం.

వాడలు తిరిగినప్పుడు తల్లులు మమ్మల్ని అడుగుతున్న మాట ఇది: "మా పిల్ల చర్చిల కీబోర్డు మీద విన్న పాట విన్నట్టు వాయిస్తున్నది. సరిగ నేర్పే మాస్టరు ఎక్కడ దొరుకుతడు? ఎంత తీసుకుంటడు? మన పిల్లలకు చెప్తడా?" మూడు ప్రశ్నలు. మొదటి రెండు ఏ కులపోళ్లయినా అడుగుతరు. మూడోది మనమే అడుగుతం. ఆ మూడో ప్రశ్న ఉన్నది కాబట్టే ఇది ఒక ఇంటి పని కాదు, సంఘం పని.

సంగీతం మనకు కొత్తదా?

పెండ్లికి, చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కొట్టింది మనమే. ఊర్ల పెండ్లి బ్యాండులల్ల బాకా ఊదేటోళ్లు, డ్రమ్ము కొట్టేటోళ్లు ఎవరో మీకు తెలుసు. ధారూరు కాడ ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతరకు పోయినోళ్లకు మన ఆడోళ్ల గొంతు ఎంతదో చెప్పనక్కర లేదు. ఇంట్ల ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉన్నోళ్లు తీసి చూడుండ్రి. పాట మీద రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటయి. రాగం పేరు మన ఇంట్లనే ఉన్నది. ఆ పేరు వెనక ఏమున్నదో చెప్పే మనిషి ఇంటికి రాలేదు, అంతే.

పెద్ద కచేరీలల్ల మోగే మృదంగం సంగతి చూడండి. పనస కట్టెకు ఆవు, మేక, బర్రె తోళ్లు బిగించి, అది పలికేటట్టు చేసేది చాలా వరకు దళితుల చేతులు. తమిళనాడులో తరతరాలుగా ఆ పని చేసిన కుటుంబాల మీద టి.ఎం.కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాసిండు. తోలు ముట్టిన చెయ్యి అంటరానిది, ఆ తోలు మీద పడ్డ చెయ్యి విద్వాంసునిది. మృదంగానికి శ్రుతి కుదిరిందో లేదో చెవితో పట్టేటోనికి సంగీతం రాదా? వస్తది. గురువు కుర్చీ మాత్రం రాలేదు.

కాబట్టి తిండికి, పియానోకు పోటీ పెట్టొద్దు. కూలి పెంచమని అడిగే నోరే పిల్లకు మాస్టరు కావాలని కూడ అడగొచ్చు. పైగా ఇది బతుకుదెరువు కూడ. చర్చిలల్ల, బ్యాండులల్ల, రికార్డింగుల కాడ చదివి వాయించేటోనికి ఒక రేటు, విని వాయించేటోనికి ఒక రేటు. 2023లో గురుకులాల నియామక బోర్డు సంగీతం టీచర్ పోస్టులకు కూడ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ పోస్టుకు చేతిలో విద్యతో పాటు సర్టిఫికెట్ ఉండాలె. విని నేర్చిన మన పిల్లల దగ్గర విద్య ఉన్నది, కాగితం లేదు.

ప్రైవేటు చదువుకు ప్రైవేటు గడప

సర్కారు బడిలో మన పిల్లను వేరే కూసోబెడితే అడిగేందుకు హక్కు ఉన్నది, పది మంది కండ్లున్నయి. సంగీతం అట్ల కాదు. చాలా మంది మాస్టర్లు తమ ఇంట్లనే చెప్తరు. ఇంట్ల చెప్పే చదువుకు ఇంటి గడపే గేటు. ఇంటి పేరేంది, ఏ వాడ, నాయిన ఏం పని చేస్తడు అని మెల్లగ అడుగుతరు. తర్వాత "సీట్లు నిండినయి, వచ్చే ఏడాది చూద్దాం" అంటరు. కులం పేరు ఎత్తరు, తలుపు మాత్రం పడుతది. దాన్ని ఏ స్టేషన్‌లో రుజువు చేస్తం? తీసుకున్నా, ఒక పిల్ల లోపల చాప మీద, ఇంకో పిల్ల వరండాలో అయితే, మన పిల్ల సరిగమలకంటె ముందు నేర్చుకునేది తల వంచుడు.

అందుకే మేం చెప్పేది ఒక్క మాట. గురువు ఇంటికి మనం పోవుడు కాదు, గురువునే మన హాలుకు పిలుచుకుందాం. అంబేద్కర్ భవనమో, కమ్యూనిటీ హాలో, చర్చి పక్క గదో ఏదైనా సరే. హాలు మనది, చాప మనది, గడప మనది. ఆయనకు ఇచ్చేది దక్షిణ కాదు, జీతం.

లెక్క చూడండి. మాస్టరు గంటకు 500 రూపాయలు అడిగిండనుకుందాం. ఒక్క ఇల్లు మోయలేదు. అయిదుగురు పిల్లలు కలిస్తే తలా 100. వికారాబాదు, ధారూరు, తాండూరు ఒకే రైలు పట్టాల మీద ఉన్నయి. పట్నం నుంచి వచ్చే మాస్టరు ఆదివారం పగటీలి వికారాబాదులో క్లాసు చెప్పి, అదే లైనులో తాండూరు పోయి సాయంత్రం ఇంకో క్లాసు చెప్పొచ్చు. పొద్దుగాల ప్రార్థన ఉంటది కాబట్టి పగటీలి తర్వాతనే పెట్టుకుందాం. రైలు చార్జీ రెండు ఊర్లు పంచుకుంటే ఎవరికీ బరువు కాదు.

"మన హాలుకు రానంటే?" అని ఒక తమ్ముడు అడుగుతున్నడు. రానంటే మంచిదే తమ్మీ. ఆయన మనసుల ఏమున్నదో మొదటి రోజే తెలిసింది. పిల్ల మనసు విరగకముందే ఇంకొకరిని వెతుకుతం. వచ్చినంక హాలులో నలుగురి ముందట కులం పేరుతో అవమానిస్తే, దానికి 1989 చట్టం ఉన్నదని యాదికి ఉంచుకోండి.

మాస్టరును ఎట్ల ఎంచాలె

వెతుకుడు దగ్గర నుంచి మొదలు పెట్టండి. చర్చిలల్ల వాయించేటోళ్లను, బ్యాండు మేళం నడిపేటోళ్లను అడగండి. హైదరాబాదు రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచి ఉన్నది. సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల ఉన్నది. అక్కడ చదువుకున్న పిల్లల్లో పని వెతుక్కునేటోళ్లు ఉంటరు. ఇద్దరు కార్యకర్తలు పోయి అడిగి రావాలె. దొరికినంక ఈ సంగతులు తేల్చుకోండి.

ఒకటి. ఏం నేర్పుతడు? కర్ణాటక సంగీతమా, పాశ్చాత్య సంగీతమా, సినిమా పాటలు చూపించి వాయించమనుడా? ఏదైనా తప్పు కాదు. కాని స్వరం రాసుడు, రాసింది చదువుడు నేర్పుతడో లేదో అడగండి. చదవడం వచ్చిన పిల్ల రేపు మాస్టరు లేకున్నా ముందుకు పోతది.

రెండు. పైసలు కట్టకముందు ఒక్క క్లాసు చెప్పమనండి. ఆ క్లాసులో పిల్లను చూడకుండ మాస్టరునే చూడండి. తానే వాయించి గొప్ప చూపిస్తున్నడా, పిల్ల చేతులు చూస్తున్నడా? చేతులు చూడనోడు మనకొద్దు.

మూడు. నెలకు ఎన్ని క్లాసులు, ఎంత సేపు, ఆయన రాకుంటె ఆ క్లాసు మళ్లా చెప్తడా? కాగితం మీద రాసుకోండి. మనం కూడ తారీఖుకు పైసలియ్యాలె. ఎగ్గొట్టుడు ఉద్యమం కాదు.

నాలుగు. తలుపు తెరిచే ఉండాలె. తల్లుల్లో ఒకరు క్లాసులో కూసోవాలె. ఆడపిల్లలున్న కాడ ఇది అడిగి చేసే పని కాదు, నియమం.

అయిదు. పియానో కొనాలని అప్పులు చేయకండి. పియానోకు 88 మెట్లు. బరువైన వస్తువు, ఎప్పటికప్పుడు శ్రుతి చేయించాలె. మొదటి రెండేండ్లకు 61 మెట్ల కీబోర్డు సరిపోతది. మెట్లు పిల్లల బొమ్మల లెక్క చిన్నయి కాకుండ అసలు సైజువి ఉండాలె. మెల్లగ ఒత్తితే మెల్లగ, గట్టిగ ఒత్తితే గట్టిగ పలకాలె. సెకండ్ హ్యాండుది కొంటే ఒక్కొక్క మెట్టు ఒత్తి చూసి కొనండి. సంఘం తరఫున ఒకటి కొని, పిల్లలకు వంతులు రాసిపెట్టొచ్చు. రోజుకు ఇరువై నిమిషాలు వాయించిన పిల్ల, ఆదివారం ఒక్కనాడే రెండు గంటలు వాయించిన పిల్లకంటె ముందు పోతది.

ఆరు. లండన్ ట్రినిటీ లాంటి పరీక్షలల్ల మొదటి మెట్టు దాటినంక ఎనిమిది గ్రేడులుంటయి. పరీక్ష ఫీజు వేరే. పిల్లకు ఇష్టముంటె కట్టిద్దాం, సర్టిఫికెట్ పనికొస్తది. గోడకు తగిలించేందుకు మాత్రం వద్దు. ఇక ఫోన్లో చూసి నేర్చుకునుడు. ఫోను పాట చూపిస్తది, మణికట్టు వంకర పోతుంటే చెప్పదు. క్లాసుకు తోడుగ వాడుకోండి.

బొటనవేలు సంగతి

పిల్లలకు ఒక మాట చెప్తం. పియానో విద్యలో వేళ్లకు నంబర్లు ఉంటయి. బొటనవేలు ఒకటో నంబరు. సరిగమపదనిస ఎనిమిది స్వరాలు, చేతికి వేళ్లు అయిదే. ఎట్ల సరిపోతయి? కుడిచేత్తో శంకరాభరణం స్వరాలు వాయించి చూడండి. దాన్నే తెల్లోళ్లు మేజర్ స్కేలు అంటరు. స రి గ మూడు వేళ్లతో అయితయి. అప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల కింది నుంచి దూరి మ మీదికి వస్తది. అక్కడి నుంచి పై స దాక అయిదు వేళ్లు సరిపోతయి. యూరప్‌లో కూడ పాతకాలంలో బొటనవేలును అంతగా వాడలేదు. బాఖ్ కొడుకు ఒకాయన 1753లో పుస్తకం రాసి, అదే ముఖ్యమైన వేలు అన్నడు.

ఏకలవ్యుని దగ్గర ద్రోణుడు అడిగింది ఆ వేలే. చెప్పని చదువుకు ఫీజు అది. ఇవాళ వేలు కోసేటోడు లేడు. "మీ చేతులు డప్పుకే పనికొస్తయి", "బండలు మోసే చేతులకు ఇది రాదు" అనే మాటలున్నయి. పిల్లలూ, ఆ మాట ఎవరన్నా అంటే ఇంటికొచ్చి చెప్పండి. దాచుకోకండి.

ఇళయరాజా పేరు మీ అందరికీ తెలుసు. తమిళనాడులో పన్నైపురం అనే పల్లెలో 1943లో దళిత కుటుంబంలో పుట్టిండు. అన్న వరదరాజన్ పాటల దళంతో ఊరూరు తిరిగి, కమ్యూనిస్టు సభలల్ల వాయించిండు. తర్వాత మద్రాసు పోయి ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పియానో, గిటారు, పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నడు. 1976లో మొదటి సినిమా చేసిండు. 2025 మార్చిలో లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీ వాయించింది. ఆయన ప్రతిభ ఆయనదే. కాని మద్రాసులో నేర్పే మనిషి దొరికిండు. మన వాడలల్ల దొరకక ఆగిపోయిన పిల్లలెందరో ఎవరు లెక్క పెట్టిండ్రు?

మన గురువులకు కూడ అదే కుర్చీ

కీబోర్డు వచ్చిందని డప్పు అటుక మీదికి ఎక్కొద్దు. దొర పిలిస్తే పోయి కొట్టాల్సిన వెట్టి డప్పును వద్దన్నం. అది వేరే. 1994లో దండోరా లేచినప్పటి నుంచి అదే డప్పు మన గౌరవం కోసం మోగుతున్నది. ఇష్టంతో నేర్చుకునే డప్పు విద్యనే. మంట మీద ఎంత సేపు కాపాలె, చిర్ర ఎట్ల పట్టాలె, చిటికెన పుల్ల ఎక్కడ తగలాలె అనేది తెలిసిన పెద్దమనుషులు మన వాడలల్ల ఉన్నరు.

వాళ్లను ఈ దేశం ఎట్ల చూస్తున్నదో చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే మొగులయ్య 2024లో కూలి పని చేస్తున్న ఫోటోలు పేపర్లల్ల వచ్చినయి. మన జిల్లాకు ఆనుకుని ఉన్న నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. పతకం ఇచ్చుడు తేలిక. ఆ చేతుల కింద పది మంది పిల్లలను కూసోబెట్టి నెల నెల జీతమిచ్చుడు కష్టం. మనం ఆ కష్టమైన పని చేద్దాం. మన హాలులో కీబోర్డు మాస్టరుకు గంటకు ఎంత ఇస్తమో, డప్పు పెద్దాయనకు అంతే ఇద్దాం. కుర్చీ అదే, చాయ గ్లాసు అదే.

వచ్చే పదిహేను రోజుల పని ఇది. ప్రతి వాడలో నేర్చుకుంటమనే పిల్లలెందరు, ఏ వాద్యం కావాలె, ఇంట్ల ఏం వాద్యాలున్నయి, నేర్పగల పెద్దలెవరు అని నోటు పుస్తకంలో రాయండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి. మీ దగ్గరి గురుకులానికి పోయి సంగీతం టీచర్ పోస్టు ఉన్నదా, నిండిందా అని కాగితం పెట్టి అడగండి. హాలు తాళం ఎవరి దగ్గర ఉన్నదో కనుక్కోండి. మళ్లీ కలిసేనాటికి ఆ నోటు పుస్తకాలు పట్టుకుని రండి. పిల్లల లెక్క చూసి, మాస్టరుతో మాట్లాడే ఇద్దరిని అప్పుడే ఎన్నుకుందాం.

జై భీమ్.