చదవలేని పిల్లలకు ట్యాబ్ చేయగల సాయం



కొందరు పిల్లలు అడిగితే పాఠమంతా నోటితో గడగడా చెప్పేస్తారు. పుస్తకం తెరిస్తే మాత్రం రెండు వాక్యాలు చదవలేరు. అది తెలివితక్కువతనమూ కాదు, బద్ధకమూ కాదు. అక్షరాన్ని చూసి శబ్దం పట్టుకునే పని వాళ్లకు చాలా కష్టం. దీన్నే డిస్లెక్సియా అంటాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి.

మన లిపిలో ‘ద’ కింద గీత పెడితే ‘ధ’, దాని కడుపులో చుక్క పెడితే ‘థ’. మనకు ఇట్టే తెలిసిపోయే ఈ తేడా దగ్గరే ఆ పిల్లలు గంటలు పోగొట్టుకుంటారు. ఈలోగా సైన్సు, సోషల్ వెనకబడిపోతాయి.

ఇక్కడ ట్యాబ్ పనికొస్తుంది. అది పాఠాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంది. కొన్ని యాప్‌లలో, పలికే మాట తెర మీద రంగు మారుతుంది. కన్నూ చెవీ ఒకే మాట మీద నిలుస్తాయి. వేగం తగ్గించవచ్చు, అక్షరాలు పెద్దవి చేయవచ్చు. అదే మాట ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. రాయలేని పిల్ల నోటితో జవాబు చెబితే టైపు చేసిపెడుతుంది.

రెండో సాయం దిద్దించడం. చూస్తూ, పలుకుతూ, వేలితో దిద్దుతూ నేర్చుకునే పద్ధతిని 1930లలో అమెరికాలో ఆర్టన్ అనే వైద్యుడు, గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు ఈ పిల్లల కోసమే తీర్చిదిద్దారు. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించినదీ దాదాపు ఇదే. దిద్దే యాప్‌లో వేలు దారి తప్పితే వెంటనే తెలిసిపోతుంది. అయితే ట్యాబ్ అద్దం నున్నగా ఉంటుంది. ఇసుక గరుకుదనం దానికి రాదు. అందుకే ట్యాబ్‌లో దిద్దిన అక్షరాన్నే బియ్యం పోసిన పళ్లెంలోనూ దిద్దించండి.

అమ్మలకూ నాన్నలకూ నా మనవి ఒక్కటే. ట్యాబ్ చేతికిచ్చి వంటింట్లోకో, టీవీ ముందుకో వెళ్లిపోకండి. రోజూ పావుగంటైనా పక్కన కూర్చోండి. ‘ఈ మాట ఏంటి నాన్నా?’ అని అడగండి, చెప్పగానే మెచ్చుకోండి. బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో యంత్రం కన్నా మీకే ముందు తెలుస్తుంది.

ట్యాబ్ కొనేముందే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉన్న భవిత కేంద్రానికి వెళ్లి, డిస్లెక్సియా పరీక్ష ఎక్కడ చేయిస్తారో కనుక్కోండి. వైకల్య ధ్రువపత్రం వస్తే బడి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కావాలని అడగండి. అది మీ బిడ్డ హక్కు. అడగడానికి మొహమాటపడకండి.