తండ్రి ఉన్న బిడ్డ
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఇందాక ఉపకారవేతనాల లెక్క చదివారు. యతీమ్ పిల్లల జాబితాలో ఈ ఏడాది ఒక పేరు కొట్టేసి ఉంది. కొట్టేసింది నేనే, మొదట రాసిందీ నేనే. ఆ సంగతి చెప్పడానికే అధ్యక్షులవారిని పది నిమిషాలు అడిగాను.

మూడేళ్ల క్రితం గుంటూరు నుంచి ఒక పెద్దావిడ ఐదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని మన ఆఫీసుకు వచ్చింది. బిడ్డ తల్లి జబ్బు చేసి పోయింది. ఆమె కాపురం ఇక్కడ విజయవాడలోనే కాబట్టి మన దగ్గరికి వచ్చారు. దరఖాస్తులో తండ్రి సంగతి అడిగితే "ఉన్నా లేనట్టే సాబ్" అందావిడ. నేను 'లేరు' అని రాసేశాను. సాయం మంజూరైంది.

ఏడాదిన్నర తర్వాత ఒక మనిషి మన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలకు వెల్డింగ్ చేసేవాడు. చేతులు వణుకుతున్నాయి, నోరు వాసన కొడుతోంది. "యతీముల లిస్టులో నా కూతురి పేరు ఉందంట సాబ్, నేను బతికే ఉన్నాను" అన్నాడు. అప్పుడు నా చేతిలో ఉన్న టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

తాగుడు మనకు హరామ్. దాని మీద రెండో మాట లేదు. హరామ్ కాబట్టి మన ఇళ్లల్లో లేదని నటించడం దగ్గరే చిక్కు వచ్చింది. ఇతని అన్నదమ్ములు పరువు పోతుందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేశారు. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి బాగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటివాణ్ణి డాక్టరు కనిపెట్టుకుని ఉండగా, మందులిస్తూ మాన్పించాలి. ఇంకోసారి ఎవరో చెప్పారని పప్పులో మాత్ర కలిపి పెట్టారు. ఆ మాత్ర వేసుకుని తాగితే ఒళ్లు మండి, వాంతులై, గుండె దాకా వస్తుంది. రోగికి చెప్పకుండా దాన్ని ఎప్పుడూ ఇవ్వకూడదని పెద్దాసుపత్రి డాక్టరుగారు మమ్మల్నే చీవాట్లు పెట్టారు. ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరింట్లోనైనా అవసరం ఉంటే 14446 అని ఒక నంబరు ఉంది, ప్రభుత్వానిది, ఫోను ఖర్చు లేదు. ఎవరికీ చెప్పకుండానే చేసుకోవచ్చు.

వార్డు నుంచి బయటికి వచ్చాక అతను అడిగింది ఒకటే, బిడ్డ కావాలని. వకీలు సాబ్ ఉన్నదున్నట్టు చెప్పారు. హనఫీ పద్ధతిలో తల్లి లేని ఆడపిల్లను యుక్తవయసు వచ్చేదాకా పెంచే హక్కు, హిజానత్, ముందు తల్లి తల్లికే. తండ్రి వలీగా ఉంటాడు, బిడ్డ ఖర్చు అతని బాధ్యతే. పైగా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో 17వ సెక్షన్ కింద కోర్టు చూసేది బిడ్డ క్షేమం. అడిగే మనిషి నడవడి చూస్తుంది, బిడ్డకు ఊహ తెలిసి ఉంటే ఆమె మాటా వినవచ్చు. కోర్టులో "నేను కన్నతండ్రిని" అన్న ఒక్క మాట సరిపోదు.

అదే చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఉండే ఊళ్లోనే పిటిషన్ వేయాలి, అంటే గుంటూరులో. ఆదాయం తక్కువైతే మగవాళ్లకు కూడా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. పోయిన కూలిని ఎవరూ ఇవ్వరు. వాయిదా ఉన్న రోజల్లా ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. మీ డబ్బు వెళ్లింది అక్కడికే. తాగుబోతుకు దానమా అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. నగదు అతని చేతిలో పెట్టలేదు, టికెట్టు మనమే కొన్నాం, ఇంటద్దె యజమానికే కట్టాం అని చెప్పాను. ఆయనకు పూర్తిగా నచ్చినట్టు లేదు. నేను ఆయన్ని తప్పు పట్టను.

కోర్టు నెలకు ఒక ఆదివారం, నానీ ఇంట్లో, ఆమె ఎదుటే బిడ్డను చూసుకోవచ్చంది. రెండు ఆదివారాలు సవ్యంగా జరిగాయి. రంజాన్ నెలంతా నిలబడ్డాడు. పండగ వెళ్లిన మూడో రోజు తాగాడు. మర్నాడు తనే వచ్చి చెప్పాడు. దాచమని చెప్పడానికి నా నోటిదాకా మాట వచ్చింది, అల్లాహ్ మన్నించాలి. చివరికి ఉన్నది ఉన్నట్టు కోర్టుకు చెప్పించాం. మూడు నెలలు బిడ్డను చూడనివ్వలేదు. ఆ మూడు నెలలూ నిజం చెప్పించి చెడగొట్టానేమో అని నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పటికి పదకొండు నెలలైంది, మళ్లీ ముట్టలేదు. నెలనెలా నానీ బ్యాంకు ఖాతాలో రెండు వేలు వేస్తున్నాడు. ఆ రసీదులూ ఆసుపత్రి చీటీలూ వరసగా ఒక ఫైలులో పెట్టుకున్నాడు. దయచేసి ఎవరూ ఆ పెద్దావిడను చెడ్డగా అనుకోవద్దు. తాగి వచ్చిన అల్లుణ్ణి చూసింది ఆమె, కూతుర్ని సాగనంపింది ఆమె. ఆమె భయం న్యాయమైనదే.

నేనొకసారి వెంట వెళ్లాను. బిడ్డ పరిగెత్తుకుంటూ వచ్చి, ముందు అతని చొక్కా పట్టుకుని వాసన చూసింది. అతను కదలకుండా నిలబడ్డాడు. చూడటం అయ్యాక "అబ్బా, పెన్సిళ్లు తెచ్చావా?" అంది. ప్రతిసారీ ఇంతేనని నానీ చెప్పింది.

బిడ్డ ఫీజు ఆగలేదు, పేద విద్యార్థుల పద్దులోకి మార్చాం. కేసు ఇంకా నడుస్తోంది. బిడ్డ ఎక్కడుండాలో నేనూ మీరూ తేల్చలేం, ఆ పని జడ్జిగారిది. ఇలాంటి దరఖాస్తులు మన దగ్గర ఇంకా మూడున్నాయి. వాయిదాల ఖర్చుకు విడిగా ఒక పద్దు తెరవమని కమిటీని కోరుతున్నాను. జకాత్ నుంచి ఎంతవరకు వాడవచ్చో ఆలిమ్ సాబ్ చెప్పినట్టే చేద్దాం.

ఇంకొకటి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి అతను బస్టాండులో గుంటూరు బస్సు దగ్గర ఉంటాడు. దారిలో ఒక్కడినే ఉంటే భయంగా ఉంటుందని అతనే అన్నాడు. నాకు మోకాళ్ల నొప్పి, ఈసారి వెళ్లలేను. తోడు వెళ్లగలవారు భోజనాల దగ్గర నన్ను కలవండి.