కాలిని నిలిపిన ఎక్స్‌రే డాక్టరు

(శతాబ్ది కూడికలో మలక్‌పేట సంఘపు రోగుల పరామర్శ కమిటీ పక్షాన చదివిన ప్రసంగ పాఠము)



మా కమిటీకి ఇరవై నిమిషాలు ఇచ్చి, ఆరోగ్యమును గూర్చి ఏదైనా మాట్లాడమన్నారు. మేము డాక్టర్లము కాము. మాలో ఒకరు రిటైరైన నర్సు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు గంజ్‌లో లెక్కలు వ్రాసేవారు. అయినా రక్తనాళముల వంటి పెద్ద విషయము ఎందుకు ఎత్తుకున్నామో ముందుగా చెప్పవలసి ఉన్నది.

మూడేండ్ల క్రిందట మన సంఘములో ఒక పాతకాలపు బడిపంతులు గారికి కుడి కాలి చిటికెన వేలి సందున చిన్న పుండు లేచింది. పేరు చెప్పవద్దన్నారు, మీలో చాలామందికి తెలుసు. చెప్పు కరిచిందనుకొని ఆయన పసుపు పెట్టుకున్నారు. షుగరు చాలాకాలముగా ఉన్నవారికి పాదములో స్పర్శ తగ్గిపోతుంది గనుక నొప్పి తెలియలేదు. నెలన్నరకు వేలు నల్లబడింది. మేము ఆయనను ఒక ఆసుపత్రికి తీసుకొనిపోయాము. మోకాలి క్రిందికి తీసివేయాలన్నారు. మేము ప్రార్థన చేసి, డబ్బు పోగుచేసి, ఆయన చేత సంతకము పెట్టించాము. ఆ కాలికి రక్తము వెళ్ళే నాళములు తెరిచి ఉన్నవా, మూసుకొని ఉన్నవా అని అడగాలని మాకు తోచలేదు. వారూ చెప్పలేదు. అడిగి ఉంటే కాలు నిలిచేదని మేము అనడము లేదు. చీము విషమై ఒంటికి ఎక్కినప్పుడు కాలు తీయడమే ప్రాణము నిలపడము. కాని అడగలేదు. ఆ మాట మమ్మల్ని నేటికీ తొలుస్తూనే ఉన్నది. తరువాతనే ఈ విషయమును గూర్చి చదవడము మొదలుపెట్టాము. చదువుతూ పోగా ఒక మనిషి కథ దొరికింది.

ఆయన పేరు చార్లెస్ డాటర్. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. 1952లో, ముప్పది రెండేండ్లకే, ఆరెగన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండ్ వైద్య కళాశాలలో రేడియాలజీ శాఖకు అధిపతి అయ్యారు. ఆ రోజులలో రేడియాలజిస్టు అంటే చీకటి గదిలో కూర్చొని ఫిల్ము చూచి రిపోర్టు వ్రాసే మనిషి. మందు ఇచ్చేవారు వేరు, కత్తి పట్టేవారు వేరు. ఈయన బొమ్మ తీసి ఇవ్వాలి, అంతే.

రక్తనాళము ఎక్స్‌రేలో ఎముకలాగా కనబడదు. అయొడిన్ కలిసిన మందు నాళములోనికి పంపితేనే దాని దారి తెల్లగా తేలుతుంది. పంపడము ఎట్లా? 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే డాక్టరు తన చేతి నరములో సన్నని గొట్టమును తానే గ్రుచ్చుకొని, గుండె దాకా త్రోసుకొని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి బొమ్మ తీయించుకున్నాడు. అప్పుడు చీవాట్లు తిన్నాడు. 1956లో నోబెల్ బహుమానము అందుకున్నాడు. 1953లో స్వీడనులో సెల్డింగర్ అనే రేడియాలజిస్టు ఇంకా సులువైన ఉపాయము ప్రకటించాడు. మొదట సూది గ్రుచ్చాలి, సూదిలో నుండి మెత్తని తీగ పంపాలి, సూది తీసివేయాలి, ఆ తీగ మీదుగా గొట్టమును జార్చాలి. దారము మీద పూస జారినట్లు గొట్టము లోపలికి పోతుంది. కోత లేదు, కుట్టు లేదు. నేటికీ లోకమంతటా ఆసుపత్రులలో ఇదే పద్ధతి.

1963లో డాటర్ గారు ఒక రోగికి బొమ్మ తీయడానికి గొట్టమును పంపుతుండగా, పొత్తికడుపు క్రింద మూసుకొనిపోయిన నాళములో నుండి అది అనుకోకుండా అవతలికి దూరిపోయింది. మూసిన దారి తెరుచుకున్నది! మరొకరైతే అదృష్టమనుకొని ఊరుకొనేవారు. ఆయన ఊరుకోలేదు. బొమ్మ తీసే గొట్టముతోనే వైద్యమూ చేయవచ్చునని ఆ యేడే చెకొస్లొవాకియాలో జరిగిన ఒక సభలో చెప్పారు. అదే యేడు చికాగోలో రేడియాలజిస్టుల సభ జరుగుతుండగా, గొట్టములు అమ్ముకొనే ఒక చిన్న వ్యాపారి యొద్ద కాల్చే దీపమును, టెఫ్లాన్ గొట్టమును అడిగి తీసుకొని, మరునాటి ఉదయానికి పది కెథెటర్లు స్వయముగా చేసి తెచ్చారట. శాఖాధిపతి గారు రాత్రి హోటలు గదిలో కూర్చొని గొట్టములు కాల్చి వంచుతున్న దృశ్యమును మీరు ఊహించుకోండి!

1964 జనవరి 16న ఆయన యొద్దకు 82 ఏండ్ల వృద్ధురాలు వచ్చింది. ఎడమ పాదము కుళ్ళుతున్నది. సర్జన్లు కాలు తీయాలన్నారు. ఆమె ససేమిరా అన్నది. బొమ్మ తీస్తే తొడలోని పెద్ద ధమనిలో ఒకచోట కొద్దిమేర మాత్రమే సన్నబడి ఉన్నది. డాటర్ గారు తీగ దాటించి, దాని మీదుగా సన్నని గొట్టము, దాని మీదుగా దానికంటె లావైన గొట్టము జార్చారు. దారి వెడల్పయింది. చల్లబడిన పాదము వెచ్చబడింది, పుండు మానింది. ఆమె ఇంకా రెండేండ్లకు పైగా బ్రతికి, ఆ బ్రతికినంత కాలమూ తన రెండు కాళ్ళ మీదనే నడిచింది.

అందరూ చప్పట్లు కొట్టారనుకుంటారేమో. అమెరికాలో సర్జన్లు ఆయనకు 'పిచ్చి చార్లీ' అని పేరు పెట్టారు. ఒక సర్జను రోగిని పంపుతూ చీటీ మీద, బొమ్మ మాత్రము తీయండి, బాగుచేయ ప్రయత్నించవద్దు అని వ్రాసి పంపాడు. మా నర్సమ్మగారు ఇది విని, "మా కాలములోనూ ఇట్లాంటి చీటీలు ఉండేవి" అని నవ్వారు. అయితే న్యాయముగా చెప్పాలంటే సర్జన్ల సందేహములో కొంత పస ఉన్నది. ఆ గొట్టములు గట్టివి. నాళపు గోడను ఒరుసుకొని పోయేవి. సన్నని వంపులలోనికి పనికిరావు.

ఆ లోటు తీర్చినది జర్మను డాక్టరు ఆండ్రియాస్ గ్రూన్‌ట్సిగ్. డాటర్ పద్ధతిని జర్మనీలో నేర్చుకొని, జ్యూరిచ్ నగరములో తన ఇంటి వంటగది బల్ల మీద గొట్టము చివర చిన్న బుడగ అమర్చే ప్రయత్నములు చేశారు. గొట్టము సన్నగానే లోపలికి పోవాలి, ఇరుకు చోట బుడగ ఉబ్బి దారి తెరవాలి, తిరిగి చప్పబడి బయటికి రావాలి. 1974లో కాలి నాళములో, 1977 సెప్టెంబరు 16న గుండె నాళములో ఆ బుడగను వాడారు. తెరిచిన నాళము తిరిగి మూసుకోకుండా లోపల నిలిపే లోహపు జాలీయే స్టెంట్. దాని తొలి రూపమును, అంటే తీగ చుట్టలను, 1969లోనే కుక్కల కాళ్ళ నాళములలో పెట్టి చూచినవారు కూడా డాటర్ గారే. మనుష్యుల గుండెలో స్టెంట్ అమర్చడము 1986లో గాని జరగలేదు. ఆయన అది చూడలేదు. డాటర్, ఆయన సహచరుడు జడ్కిన్స్, గుండె నాళముల బొమ్మ తీయడము కనిపెట్టిన సోన్స్, విమాన ప్రమాదములో గ్రూన్‌ట్సిగ్, ఈ నలుగురూ 1985వ సంవత్సరములోనే పోయారు.

ఇది ఎక్కడో దూరదేశపు కథ అనుకోవద్దు. చీకటి గది మనిషి ముందుకు రావడము మన నగరములోనూ చూచాము. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖలో వైద్యము చదివి, న్యూయార్కులో రేడియాలజీ ప్రొఫెసరై, 1980ల దశకములో తిరిగివచ్చి నిమ్స్ ఆసుపత్రిని నడిపిన డాక్టరు కాకర్ల సుబ్బారావు గారు రేడియాలజిస్టే. ఆయన పరిశోధన ఎముకలను గూర్చినది, నాళములను గూర్చినది కాదు. అయినా ఒక ఎక్స్‌రే డాక్టరు అంత పెద్ద సంస్థకు తల అయ్యారు. 2021లో కాలము చేశారు.

ఇక మనకు మరీ దగ్గరి మాట. మన సైదాబాదు, సంతోష్‌నగర్ దాటితే వచ్చే కంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాల ఉన్నది. అక్కడ ఏండ్ల తరబడి పనిచేసిన అబ్దుల్ కలాం గారు, హృద్రోగ నిపుణులు డాక్టరు సోమరాజు గారు కలిసి 1990ల దశకములో తక్కువ ఖర్చుతో గుండె స్టెంట్ తయారు చేయించారు. విదేశీ స్టెంట్లు సామాన్యునికి అందని రోజులవి. దానికి కలాం-రాజు స్టెంట్ అని పేరు వచ్చింది. ప్రభుత్వము స్టెంట్ల ధరకు కళ్ళెము వేసినది 2017 ఫిబ్రవరిలో: మామూలు లోహపుది 7,260 రూపాయలు, మందు పూసినది 29,600 రూపాయలు అని అప్పుడు నిర్ణయించారు.

నాళము సన్నబడుతున్న సంగతి పుండు పడక ముందే కాలు చెబుతుంది. ఇంటి నుండి చాదర్‌ఘాట్ వంతెన దాకా నడిచేసరికి పిక్క పట్టేసి, రెండు నిమిషాలు నిలబడితే తగ్గి, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తే అది వయసు అనుకోవద్దు. ఒక పాదము రెండవదానికంటె చల్లగా ఉన్నా అంతే. పాదము పైభాగాన ఒకటి, లోపలి చీలమండ వెనుక ఒకటి నాడి కొట్టుకొనే చోట్లు ఉన్నవి. డాక్టరు గారు వేళ్ళతో తాకి, అవసరమైతే డాప్లర్ పరీక్ష వ్రాస్తారు. షుగరుకు బీడీ, సిగరెట్టు తోడైతే నాళము మరీ త్వరగా పాడవుతుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా వెనుక బెంచీలవారు కిటికీ వైపు చూస్తారు.

నిరుడు గంజ్ వెనుక వీధిలో బట్టలు కుట్టే మన అక్కగారు ఒకామె వేలి పుండుతో వచ్చారు. ఈసారి వారము తిరగకుండా తీసుకొనిపోయాము, నాళముల సంగతి మేమే అడిగాము. పాదములో నాడి అందలేదు. గజ్జలో సూది గ్రుచ్చి, తీగ పంపి, బుడగతో దారి తెరిచారు. ఒక వేలు పోయింది, పాదము నిలిచింది. ఆమె మళ్ళీ మిషను తొక్కుతున్నారు.

పంతులు గారికి డాటర్ కథ చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఊరకున్నారు. తరువాత, "ఆమెకు ఎనభై రెండా? నాకు అప్పుడు అరవై తొమ్మిదే గదా" అన్నారు. మా యొద్ద జవాబు లేదు. నాలుగు రోజులకు ఆయనే కబురు పెట్టి, మీరు పాదములు చూసే పని పెట్టుకుంటే నేను రిజిస్టరు వ్రాస్తానన్నారు.

ప్రతి నెలా మొదటి ఆదివారము ఆరాధన తరువాత సండే స్కూలు గదిలో నర్సమ్మగారు పాదములు చూస్తారు. చెప్పులు, సాక్సులు బయటనే విడిచి రావాలి. తలుపు ప్రక్కన కుర్చీలో పంతులు గారు ఉంటారు. పేరు, వయసు, షుగరు ఎన్నేండ్లుగా ఉన్నదీ ఆయనకు చెప్పి వ్రాయించుకోండి.