పరదేశపు కొలువు – యజమాని లెక్క

పరదేశమున ఉద్యోగమనగానే మనకు కొలువునకు పోవువాడు కన్పట్టును. పిలిపించుకొను యజమాని కన్పట్టడు. కాని పని వీసా అను పత్రము చాలవరకు యజమాని పెట్టు అర్జీ మీదనే పుట్టుచున్నది. నియమములు మారినపుడు మొదట మారునది అతని లెక్క. దానివెంట మన యువకుని బ్రతుకు మారును.

అమెరికా సంగతి చూడుడు. హెచ్-1బి వీసా 1990 నాటి చట్టముతో ఏర్పడినది. సంస్థలకు ఏటా 65,000, అచ్చట పై చదువులు చదివినవారికి మరి 20,000 అని దానికి హద్దు పెట్టిరి. అర్జీలు హద్దు మీరినచో చీట్లు తీయుట వాడుకయైనది. ఈ వీసా పొందువారిలో మిక్కిలి పెద్ద భాగము భారతీయులది. అందు తెలుగువారు తక్కువవారు కారు.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన వెలువరించెను. దేశము వెలుపలనున్న వానికొరకు క్రొత్తగా అర్జీ పెట్టు యజమాని లక్ష డాలర్లు చెల్లింపవలెనని దాని సారాంశము. పన్నెండు నెలల గడువుతో వచ్చిన ఆజ్ఞ అది. అంతకు పూర్వము ఈ ఖర్చు కొన్ని వేల డాలర్లతో తీరెడిది. అదే ఏటి డిసెంబరులో, హెచ్చు జీతపు కొలువులకు చీట్లలో హెచ్చు అవకాశమిచ్చు నియమమును గూడ ప్రకటించిరి.

ఇట్టి భారము పడినపుడు యజమాని యేమి చేయును? మార్కాపురపు పలకల ఫ్యాక్టరీలో పొరుగూరి కూలికి తలకింతయని పన్ను వేసిరనుకొనుడు. యజమాని ఆరితేరిన పనివానిని మాత్రము పిలిచి, పని నేర్చుకొనువానిని వలదనును. అచ్చటను అంతే. పెద్ద సంస్థ అరుదైన నిపుణునికొరకు ఆ సొమ్ము భరింపగలదు. చిన్న సంస్థకు, పల్లెటూరి ఆసుపత్రికి అది తలకు మించిన బరువు. అప్పుడు యజమాని అచ్చటనే చదువుకొన్నవారిని వెదకికొనును, లేదా పనినే హైదరాబాదు, బెంగుళూరులకు పంపును. దెబ్బ తగులునది క్రొత్తగా పట్టము పుచ్చుకొన్నవానికి.

నియమపు మార్పు అన్నివేళల కీడే కాదు. గల్ఫు దేశములలో కఫాలా పద్ధతి కార్మికుని ఒకే యజమానికి కట్టివేసెను. 2020లో కతార్ ప్రభుత్వము యజమాని అనుమతి లేకయే కొలువు మారవచ్చునని చట్టము చేసెను. 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనమును అమలుపరచెను. పనివాడు విడిచిపోగలడని తెలిసిన యజమాని అతనిని నిలుపుకొనుటకు మంచి జీతము, మంచి బస చూపక తప్పదు. ఒక నియమము యజమాని సంచిని తాకినది, మరియొకటి అతని పెత్తనమును తాకినది. రెంటి ఫలము పనివాని యింటనే తేలినది.

యర్రగొండపాలెము, గిద్దలూరు సీమలలో వానను నమ్ముకొన్న మెట్టసేద్యమే పెక్కు కుటుంబములకు ఆధారము. అట్టి చోట బిడ్డను పరదేశము పంపుటకు పొలము తాకట్టు పెట్టుట చిన్న మాట కాదు. దస్తావేజుపై వ్రాలు చేయక పూర్వము మూడు ప్రశ్నలు అడుగవలెను. అర్జీ పెట్టు యజమాని యెవడు? రుసుము కట్టువాడెవడు? కొలువు నచ్చనిచో మరియొక యజమాని కడకు పోవచ్చునా? యజమాని కట్టవలసిన రుసుమును మన నెత్తిన రుద్దు దళారి మాట వినరాదు. ఈ మూటికి కాగితముపై జవాబు చేతికి వచ్చువరకు పొలము పట్టా పెట్టెలోనే ఉండుట మేలు.