గండిపేట గట్టుమీద
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసపాఠము)



శీతోష్ణస్థితి మార్పును గూర్చిన చట్టములు నేటి విషయమని ప్రకటింపగానే మీలో కొందఱు దూరదేశముల మహాసభలను తలంచి యుందురు. 2015లో పారిసున ఒడంబడిక కుదిరినది. 2070 నాటికి కర్బన ఉద్గారములను నికరముగ సున్న చేయుదుమని 2021లో గ్లాస్గోలో మన దేశము వాగ్దానము చేసినది. అవి పెద్ద మాటలే. నేను మాత్రము మిమ్ము గండిపేట గట్టుమీదికి తీసికొనిపోవుదును. చట్టము బ్రదికి యున్నదో లేదో అచట తెలియును.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. వేలమంది మడిసిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద నగరమునకు ఎగువను మూసీపై ఉస్మాన్‌సాగరు, అనగా మన గండిపేట, 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను లేచినవి. వరద నాపుటకు కట్టినవి త్రాగునీటిని గూడ నిచ్చినవి.

కట్ట యెంత గట్టిదైనను, దానికి నీరు తెచ్చు నేలను కాపాడనిచో చెఱువు నిలువదు. ఇది రైతున కొకరు చెప్పనక్కరలేదు. 1996 మార్చి 8న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువున, ఆ జలాశయములకు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించెను. మరుసటి యేడే ఆముదపు నూనెనుండి రసాయనములు తీయబూనిన యొక కర్మాగారమునకు ఆ ప్రభుత్వమే మినహాయింపు దయచేసెను! వ్యాజ్యము సుప్రీముకోర్టునకు చేరెను. 1999 జనవరి 27న తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు. ఉన్న స్థితిని మార్పగోరువాడే తన పనివలన హాని లేదని రుజువు చేయవలెనను సూత్రమును వారు గట్టిగా నిలిపిరి. హాని కలుగునని రుజువు చేయుమని ఆ నీరు త్రాగువానిని అడుగరాదు. 2000 డిసెంబరులో కోర్టు ఆ మినహాయింపు చెల్లదనెను.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వము 69వ ఉత్తరువున ఆ నిషేధములను తొలగింపబూనెను. జలాశయముల నీటిగుణము చెడరాదని షరతు పెట్టిరి. కృష్ణా, గోదావరి జలములు వచ్చినవి గనుక నగరమున కీ చెఱువుల అవసరము తగ్గినదని కారణము చెప్పిరి. చూచితిరా, భారము తలక్రిందులైనది! ముందు మేడలు, పిదప నీటి పరీక్ష. సిమెంటు పరచిన నేల మరల చేను కాదు గదా.

ఇక త్రాగునీటి మాట సగము మాటయే. ఆ కట్టలు పుట్టినది వరదకొఱకు. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన సుమారు 7 శాతము అధికముగ నీటియావిరిని మోయగలదు. అందుచేత కుండపోత వానలు మఱింత కుండపోతలగును. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు పేటలు పడవలకు దారియైన సంగతి మీరు మఱచి యుండరు. చినుకును పీల్చు పొలములను ఎగువన కప్పివేసి దిగువన కాలువలు వెడల్పు చేయుదుమనుట యే యింజనీరింగో నాకు బోధపడదు.

84 గ్రామముల రైతుల గోడు వేరు. ప్రక్కయూరి భూమి కోట్లు పలుకుచుండ తమ భూమికి ధర లేదని వారందురు. వారిని భూవ్యాపారుల వత్తాసుదారులని నిందించువారు కలరు, నేను నిందింపను. (వారి చేతులలో ఎంత భూమి మిగిలినదో అది వేరు కథ.) నగరము మునుగకుండుటకు వారొక్కరే నష్టపడుట అన్యాయము. నగరపు పన్నులనుండి వారికి ఏటేట పరిహార మిండు. అంతేకాని నిషేధము నెత్తివేయుట పరిహారము కాదు.

2024 మార్చి 21న సుప్రీముకోర్టు, రాజస్థాన్, గుజరాత్ ప్రాంతముల బట్టమేకపిట్టను విద్యుత్తీగలనుండి కాపాడు వ్యాజ్యమున, శీతోష్ణస్థితి మార్పు దుష్ఫలితములనుండి రక్షణ రాజ్యాంగపు 14, 21 అధికరణములలో నిమిడియున్న హక్కని పలికెను. ఇందుకై సమగ్రమైన ఒక్క చట్టము దేశమున లేదనియు ఆ తీర్పే గుర్తించెను. సమగ్ర చట్టము లేనిచోట 111వ ఉత్తరువువంటివే ఆ హక్కునకు చేతులు, కాళ్లు.

కావున, ఇట్టి నిషేధమును సడలింపబూనిన ప్రతిసారియు హాని లేదను రుజువులను, రైతుల పరిహారపు లెక్కలను తెలుగున అచ్చొత్తించి, ఆ 84 గ్రామములలోను నగరపు పఠనమందిరములలోను ముందుగ నుంచవలెనని ప్రభుత్వమును కోరు తీర్మానమును అధ్యక్షులవారి యెదుట పెట్టుచున్నాను.